ఆగమని అడిగిన మనిషి

మనవాళ్లకు ఒక దుర్గుణం ఉంది. మనిషి బతికి ఉండగా ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుంటారు. పోయాక ‘మహానుభావుడు’ అంటారు. ఈ అబద్ధంలో నేను వాటా తీసుకోను. నేను రాస్తున్న మనిషి మహానుభావుడు కాడు. విసిగించేవాడు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాత మరో నిమిషం ఆగి, అప్పుడు నోరు తెరిచేవాడు. ఆ ఒక్క నిమిషంలో నాకు ఒళ్లు మండిపోయేది.

ఆయన చనిపోయిన సంగతి నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. అదీ సంతోష్‌నగర్‌లో మా కాలనీ మలుపు దగ్గరి జిరాక్సు దుకాణంలో. దుకాణం భాయ్ ఒక కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, "మీ దోస్తు ఇచ్చిండు సాబ్, కాపీలు తియ్యుమని. ఇగ దీన్ని ఏం జెయ్యాలె?" అన్నాడు.

"ఎందుకు, రాడా?"

"మీకు తెల్వదా? సోమవారం పోయిండు గద. కార్వాన్ నుంచి అన్న కొడుకులొచ్చి తీస్కపోయిండ్రు."

నేనుండేది ఆయన ఇంటికి రెండు గల్లీల దూరంలో. నాకు తెలియలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఇరవై ఏళ్లు ఆయన రాసిన ఏ కాగితం మీదా ఆయన పేరు లేదు, ఇప్పుడు నా కాగితం మీద మాత్రం ఎందుకు?

ముందు ఆయన పనేమిటో చెప్పాలి. ఎందుకంటే అది ఎవరికీ అర్థమయ్యేది కాదు. ప్రపంచ దేశాలన్నీ ఏడాదికొకసారి ఏదో ఒక నగరంలో కూడి, భూమి వేడెక్కడం గురించి రెండు వారాలు వాదించుకుంటాయి. పెద్ద దేశాలు వందలమందిని వెంటబెట్టుకొస్తాయి. సముద్రం మధ్య చుక్కల్లా ఉండే ద్వీప దేశాలు ఇద్దరినో ముగ్గురినో పంపగలవు. ఒకే సమయంలో పది గదుల్లో చర్చ నడుస్తుంటే ముగ్గురు మనుషులు ఏ గదిలో కూర్చుంటారు? అందుకని అలాంటి దేశాలు లా తెలిసిన బయటివాళ్లను సలహాదారులుగా పెట్టుకుంటాయి. ఈ ఊళ్లోనే కార్వాన్ బస్తీలో ఒక గుడి అర్చకుడి ఇంట పుట్టి, లా చదివి, ఎక్కడెక్కడో తిరిగిన ఈ మనిషి అలా ఒక చిన్న ద్వీపం పేరు రాసిన పలక వెనక, రెండో వరస కుర్చీలో కూర్చునేవాడు.

కార్వాన్ బంధువులు ఆయన వాతావరణ శాఖలో పనిచేస్తాడనుకునేవారు. పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఫోన్ చేసి, "మామా, ఇరవై తారీఖు నాడు వాన పడతదా?" అని అడిగేవారు.

"దాని మీద మాట్లాడనీకి నాకు అధికారం లేదు," అనేవాడు ఈయన.

ఇది ఆయన ఊతపదం. ఎక్కడైనా, ఎవరితోనైనా. చాయ్‌లో చక్కెర వేయాలా అంటే, "నాకు అధికారం లేదు, డాక్టర్‌ను అడుగుండ్రి." ఆటోవాడు ఏ తోవన పోవాలంటే, "నాకు అధికారం లేదు భాయ్." ఎన్నికల్లో ఎవరు గెలుస్తారంటే కూడా అదే. మొదట నవ్వొచ్చేది. తర్వాత చిరాకేసేది. ఏ విషయం మీదా అభిప్రాయం చెప్పని మనిషిని నేను గౌరవించలేను. నేను పెరిగింది వాదసభల్లో. తప్పైనా సరే లేచి చెప్పు, ఎవడో ఒకడు దిద్దుతాడు అని నేర్పిన పెద్దల దగ్గర. చెప్పకపోవడం కంటే పెద్ద తప్పు లేదని వాళ్లనేవారు. ఆ మాట నేను సభల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇంకో అలవాటు. పోలీసువాడు కనిపిస్తే చాలు, ఆయన రెండు చేతులూ వాటంతటవే పక్కలకు లేచేవి. పాతబస్తీలో బందోబస్తు రోజులకు కొదవేముంది! చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఒకసారి మేమిద్దరం నడిచి వస్తుంటే, బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ మమ్మల్ని చూడను కూడా లేదు. ఈయన ఆగి, జేబులో తాళంచెవులు, కళ్లద్దాలు, చిల్లర తీసి గుప్పిట్లో పట్టుకుని చేతులు చాచి నిలబడ్డాడు. కానిస్టేబుల్ బిత్తరపోయి, "ఏంది పెద్దాయనా, సిన్మాహాల్ల తనిఖీ అనుకున్నవా? పో పో," అన్నాడు.

"అన్నా, ఏందిది?" అన్నాను నేను నవ్వు ఆపుకోలేక.

"గా సభలకు పోతే రోజుకు నాలుగుసార్లు గిట్లనే నిలవడాలె," అన్నాడు. "లోపల గాలి గురించి, నీళ్ల గురించి మాట్లాడతరు. బయట తుపాకులోళ్లు. మెడల పేరున్న గుర్తింపు పటం లేంది ఒక్క తలుపు తెరుసుకోదు. పటాల్ల గూడ రంగులు. ఒక రంగుకు ఒక గది. పెద్ద రాజెవరన్న వస్తుండంటే తొవ్వలన్ని బంద్. ఇగ బయట నినాదాలిచ్చే పోరగాండ్లకైతే కంచె గట్టి, గా కంచెల అరువుండ్రి అంటరు."

"మరి వీసా దొరకని దేశాలోళ్లు?"

"వాళ్లు రారు. రాకపోతే ఒప్పుకున్నట్టే."

ఆ ఆఖరి మాట ఆయన మామూలుగానే అన్నాడు. నేనూ పట్టించుకోలేదు.

ఎండాకాలంలో కూడా ఆయన సంచిలో ఒక ఉన్ని శాలువా ఉండేది. భూమి వేడెక్కుతోందని ఏడ్చే గదులన్నీ మంచుగడ్డల్లా ఉంటాయట. ఎక్కడ కూర్చున్నా తలుపు పక్కన ఆఖరి కుర్చీ చూసుకునేవాడు. ఆ ద్వీపం గురించి మాట్లాడితే ‘మేము’ అనేవాడు. అది విని నేను ఎగతాళి చేసేవాణ్ని. "ఏ దేశం అన్నా మీది? కార్వానా, ఆ సముద్రమా?" దానికి ఒక నిమిషం ఆగి, "కార్వాన్‌ల నేను లేకున్నా నడుస్తది," అనేవాడు.

ఒకనాడు ఆయన అన్న ఒక మాట నేను నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "మేము మునుగుతున్నం అన్నప్పుడు ఎవ్వడు ఇనలే భాయ్. మునిగినంక మీ దిక్కే వస్తం అన్నప్పుడు అందరు ఇన్నరు. ఇని ఏం జేసిండ్రు? మాకు పడవలు ఇయ్యలే. వాళ్ల సరిహద్దుకు కంచెలు కొనుక్కున్నరు. దానికే భద్రత అని పేరు వెట్టిండ్రు."

నాకూ ఆయనకూ పెద్ద తగాదా ఒకటుండేది. ఆ సభల్లో ఓటు ఉండదు. అధ్యక్షుడు కాగితం చదివి, చుట్టూ చూసి, అభ్యంతరం ఉందని ఎవరూ తమ దేశం పలక ఎత్తకపోతే చెక్క సుత్తితో బల్ల మీద కొడతాడు. కొడితే అది తీర్మానం. ఒక్కరు ఎత్తినా ఆగిపోతుంది.

"ఇదేం తర్కం?" అనేవాణ్ని. "ఇంతమంది కలిసి నిర్ణయం చేస్తుంటే ఒక్కడు కాదంటే ఆగుడేంది? ఓటు పెట్టు, ఎక్కువమంది ఏదంటే అది."

"ఓటు వెడితే మునిగేటోళ్లు ఎప్పుడన్న గెలుస్తరా లెక్చరర్ సాబ్?"

"సరే. మరి ఒక్కడు ఆపొచ్చంటే, చమురు అమ్ముకునేటోడు గూడ ఆపుతడు గద!"

"ఆపుతడు. ఏటా ఆపుతడు."

"మరి నీ పద్ధతి ఏం లాభం?"

ఒక నిమిషం. "లాభం ఉన్నదని నేను అన్లేదు. లేకుంటే మేము గదిల గూడ ఉండం, అంతే."

నేను వాదంలో గెలిచేవాణ్ని. గెలిచి ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం జిరాక్సు దుకాణంలో ఇద్దరం చిక్కుకున్నాం. బయట కుండపోత. కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది. దుకాణం భాయ్ షట్టరు సగం దించి నమాజుకు వెళ్లాడు. ఈయన చేతిలో ఆ ఏటి సభ ముసాయిదా కాగితాలు. పని మానేసి నాలుగేళ్లయినా, ప్రతి ఏడూ వాటిని ఇంటర్నెట్‌లోంచి తీయించి, పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదివేవాడు. ఎవరికి పంపుతావంటే ఎవరికీ కాదనేవాడు. ఆ రోజు నేను మళ్లీ ఎగతాళి మొదలుపెట్టాను.

"జిందగంత ఆ కుర్చీల కూసున్నవు. ఒక్కసారన్న ఆ పలక ఎత్తినవా అన్నా?"

ఈసారి నిమిషం కాదు, చాలాసేపు ఆగాడు. వాన చప్పుడుకు వినిపించలేదేమో అనుకున్నాను.

"ఎత్తాల్సిన నాడు ఎత్తలే," అన్నాడు.

తర్వాత చెప్పాడు. ఏ ఊరో, ఏ సంవత్సరమో చెప్పలేదు. సభ గడువు దాటి రెండు రోజులు సాగింది. ఆ ద్వీపం తరఫున వచ్చిన ముగ్గురిలో ఒకరు విమానం దొరకదని వెళ్లిపోయారు. మిగిలింది వాళ్ల మంత్రి, ఈయన. ఆ మంత్రి ఒకప్పుడు బడిపంతులమ్మ. ఇద్దరు కొడుకులు పడవల మీద చేపలు పడతారు. ఆ ఉదయం ఆమె వేరే భవనంలో ఇంకో చర్చకు వెళ్లింది. తిరిగి వచ్చేలోపల ఎవరో పెద్దదేశం నాయకుడు వచ్చాడు. భద్రతవాళ్లు రెండు భవనాల మధ్య దారి మూసేశారు. ఆమె మెడలో పటం ఉంది, మంత్రి అని రాసి ఉంది, అయినా ఆపేశారు. ఇక్కడ పెద్ద హాల్లో అధ్యక్షుడు ఆఖరి కాగితం తీశాడు. అందులో మునిగిపోయిన నేలకు పరిహారం గురించిన పేరా ఒకటి ఉండాలి. దాని కోసమే ఆమె అంత దూరం వచ్చింది. చూస్తే ఆ పేరా స్థానంలో ‘ముందు ముందు పరిశీలించబడును’ అని ఒక వాక్యం ఉంది.

"నా ముంగట పలక ఉన్నది. చెయ్యి చాపితే అందుతది. ఆయన చుట్టు చూసిండు. నేను ఏమనుకున్న అంటే... నేనెవర్ని? ఈ దేశమోణ్ని గాను. సలహా ఇచ్చేటోణ్ని. నాకు అధికారం లేదు. గంతల సుత్తె కొట్టిండు."

"ఎంతసేపు చూసిండు?"

"నువ్వు గిలాస ఎత్తి ఒక గుటక తాగి దించినంత."

"తర్వాత?"

"అందరు లేచి చప్పట్లు. అప్పుడొచ్చింది ఆమె, ఉరుక్కుంట. ఏమైందో తెల్వదు. అందరు కొడుతున్రని తను గూడ చప్పట్లు కొట్టింది."

ఆయన చేతిలోని కాగితాల అంచులు సరిచేసుకున్నాడు.

"తిట్టలేదు నన్ను. కాగితం సదివి, ఒక్కటే అడిగింది. ‘ఆగమని అడిగినవా?’ అన్నది."

నాలోని వాదసభ ఊరుకోలేదు. "ఎత్తినా ఏమైతుండె అన్నా? పెద్దోళ్లు ముందే అనుకున్నది గద. ఇంకో గంట మాట్లాడి అదే కాగితం మీద కొడుతుండిరి."

"అవు. ఏం మారకపోతుండె," అన్నాడు. "కాని ఆమె అడిగింది అది గాదు."

కరెంటు వచ్చింది. మిషన్ గుర్రుమంది. ఆయన కాగితాల్లో తల పెట్టాడు.

ఆ వానే మా కాలనీ మీద పడింది. కాలనీకీ కింది గల్లీకీ మధ్య వాననీళ్లు, మురుగు పోయే నాలా ఒకటి ఉంది. మాది కాస్త మెరక, అవతల కింది గల్లీ పల్లం. ఆ గల్లీలో పాతికో ముప్పయ్యో ఇళ్లు. బర్రెల కొట్టాలు, కుట్టుమిషన్లు, ఆటోలు, రెండు మతాలవాళ్లూ కలిసి ఉండే గల్లీ. రెండు రోజులు ఆగని ఆ వానకు నాలా పొంగి మా ఇళ్లలోకి మోకాళ్లదాకా, వాళ్ల ఇళ్లలోకి నడుముదాకా వచ్చింది. నా పుస్తకాల్లో కింది రెండు అరలు పేస్టులా అయ్యాయి. నలభై ఏళ్లు పోగేసుకున్నవి. ఈ సంగతి దాచను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఇదే మూలం.

మా కాలనీవాళ్లు నాలాకు మా వైపున గోడ లేపాలన్నారు. గోడ లేస్తే నీళ్లు ఎటు పోతాయి? అవతలికి. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. గోడకు మార్కింగ్ వేయడానికి మా మనుషులు వెళ్తే అవతలివాళ్లు సున్నం డబ్బా నాలాలో పారేశారు. ఒకరి మీద ఒకరు రాళ్లు వేసుకున్నారు. అప్పుడే పండుగ ఊరేగింపు దగ్గరపడింది. ఇన్‌స్పెక్టర్‌కు గుండెలో రాయి పడింది. నాలా లొల్లికి రేపు ఎవడైనా మతం రంగు పూస్తే ఆపడం ఎవరివల్లా కాదు. అందుకని ఊరేగింపుకు ముందురోజు పొద్దున ఒక ఫంక్షన్ హాల్లో సమావేశం పెట్టాడు. మా కాలనీ నుంచి పదిమంది. గుంపు వద్దని కింది గల్లీ నుంచి ఒక్కరే రావాలన్నాడు. ఆ గల్లీవాళ్లు వాళ్ల తరఫున పాలామెను పంపుతామన్నారు. మూడు బర్రెలు పెట్టుకుని, కాలనీలోనూ గల్లీలోనూ పాలు పోసే మనిషి. మా ఇంట్లోనూ ఆమే పోస్తుంది. భయం లేని నోరు.

నేను ఈయనను వెంట తీసుకెళ్లాను. "రా అన్నా, నీ పని మా నాలా కాడికొచ్చింది చూడు," అన్నాను తమాషాగా.

"గిట్ల పోలికలు జెప్పకు. నాలా నాలానే," అని విసుక్కున్నాడు. కానీ వచ్చి తలుపు పక్కన ఆఖరి కుర్చీలో కూర్చున్నాడు.

పదకొండయింది. పాలామె కుర్చీ ఖాళీగానే ఉంది. మా కాలనీ అధ్యక్షుడు గోడ పొడవు, ఎత్తు చదివాడు. కార్పొరేషన్ వాళ్లు ఒప్పుకున్నారన్నాడు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. ఇంకో నాలుగు చోట్లకు పోవాలి ఆయన. రిజిస్టర్ తెరిచి పెన్ను తీశాడు.

"ఇగ ఎవరికి అభ్యంతరం లేదు గద? రాసేస్తున్న."

ఫ్యాన్ల చప్పుడు. నేను నా మోకాళ్ల వైపు చూసుకుంటున్నాను. నాకు తెలుసు, గోడ తప్పని. తడిసిన పుస్తకాల వాసన ఇంకా నా ముక్కులో ఉంది. నేను నోరు తెరవలేదు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఈయన నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. చేతిలో ఏమీ లేదు. కానీ వేళ్లన్నీ దగ్గరగా చేర్చి, నిటారుగా, ఒక పలక పట్టుకున్నట్టు ఎత్తాడు.

"ఎవరు సార్ మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవర్ని గాను."

"ఏ గల్లి?"

"గీ రెండిట్ల ఏది గాదు. కింది గల్లి నుంచి ఒకామె రావాలె. ఇంక రాలే. ఆమె వచ్చేదాక ఆగుండ్రి."

మా అధ్యక్షుడు లేచాడు. "వాళ్లకు ఖబర్ వోయింది పెద్దాయనా. టైముకు రాకపోతే మేమేం జేస్తం? రాలేదంటే ఒప్పుకున్నట్టే."

"రాలేదంటే రాలేదనే. ఒప్పుకున్నట్టు గాదు."

"ఏందయ్యా నీ లొల్లి? అసలు నీకేం అధికారముందని మాట్లాడుతున్నవ్?"

అందరూ నవ్వారు. ఈయన ఎప్పటిలాగే ఆగాడు.

"ఏం అధికారం లేదు," అన్నాడు. "లేకుంటనే అడుగుతున్న."

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "లెక్చరర్ సాబ్, మీరు తెచ్చిన మనిషే గద. జర కూసోవెట్టుండ్రి."

అందరూ నన్ను చూశారు. నలభై ఏళ్లు వేదికల మీద గర్జించిన గొంతు నాది. ఆ గొంతుతో నేనన్న మాట ఇది.

"కూసో అన్నా."

ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు. వర్షంలో ఎవరు వస్తున్నారా అని తలుపులోంచి చూసినట్టు చూశాడు. చెయ్యి దించలేదు. కూర్చోలేదు.

ఇన్‌స్పెక్టర్ తెలివితక్కువవాడు కాదు. ఫోన్ తీసి చౌరస్తా బారికేడ్‌కు కలిపాడు. "ఆడ ఎవరన్న ఆడామె నిలవడ్డదా?" అని అడిగాడు. అటునుంచి సమాధానం మాకు కూడా వినిపించింది. "ఉండె సార్. గంట సేపు లొల్లి వెట్టింది. చిట్టి లేదని పంపలే. ఇప్పుడే ఎనకకు వోయింది."

లోపల సమావేశానికి పిలిచిన పోలీసులే బయట దారి మూసి పెట్టారు. ఇన్‌స్పెక్టర్ మొహం ముడుచుకుంది. "రేపు ఈ గోడ పేరు మీద ఎవడన్న రాయి ఏస్తే నా నెత్తికొస్తది," అని రిజిస్టర్ మూసేశాడు. "పండుగైనంక పెట్టుకుందాం. వాయిదా."

అప్పుడు దించాడు చెయ్యి.

వారం తర్వాత మళ్లీ కూడినప్పుడు ఈయనను ఎవరూ పిలవలేదు. పాలామె వచ్చింది. కొంగు నడుముకు దోపి నిలబడి, "కట్టుండ్రి సార్ గోడ. కట్టంగనే నా మూడు బర్రెలను దెచ్చి మీ వరండాలల్ల కట్టేస్త. అవి ఈత రానివి," అంది. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఒకరిద్దరు మావాళ్లూ నవ్వారు. తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. నాలా మీద మా కాలనీవాళ్లే పార్కింగ్ కోసం వేసుకున్న స్లాబు కింద పూడిక నిండి నీళ్లు ఆగుతున్నాయని. పోయి చూస్తే నిజం. స్లాబు తీసేసి పూడిక తీశారు. గోడ లేవలేదు. ఈ ఏడు వానకు నీళ్లు మా గడపదాకా వచ్చి ఆగాయి, వాళ్ల కొట్టాల్లోకి మడమలదాకా వచ్చాయి. న్యాయం జరిగిందని చప్పట్లు కొట్టను. కానీ ఎవరూ మునగలేదు.

ఆ వాయిదా తర్వాత కాలనీవాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశారు. కార్లు నిలిపే స్లాబు పోయింది మరి. కొందరు ‘దేశదేశాల పెద్దమనిషి’ అని వెనక నుంచి అనేవారు. కింది గల్లీవాళ్లకు ఆయనెవరో తెలియదు. వాళ్ల తరఫున ఆ హాల్లో ఎవరూ లేరు గదా, తెలియడానికి!

నేను? నేను ఇంకా హీనం. వారం రోజుల తర్వాత దుకాణంలో కనబడితే, "నా ఇజ్జత్ తీసినవ్ అన్నా," అన్నాను.

ఒక నిమిషం ఆగి, "తీసిన," అన్నాడు. పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, పక్కకు జరిగి బెంచీ మీద నాకు చోటు చేశాడు.

నేను కూర్చోలేదు. పని ఉందన్నాను. తర్వాత చాలా రోజులు ఆ దుకాణం తోవ మానేసి చుట్టు తిరిగి వెళ్లాను. కోపంతో కాదు. ‘కూసో అన్నా’ అన్న నా మాట ఆ బెంచీ మీద నాకంటే ముందే కూర్చుని ఉండేది. రెండుసార్లు దూరం నుంచి చూశాను. శాలువా కప్పుకుని, ఒక్కడే, ఎవరూ అడగని కాగితాల మీద గీతలు గీస్తున్నాడు. పలకరిద్దామనుకున్నాను. రేపు, అనుకున్నాను. మాట తప్పేవాడు వాడే పదం అది. ఆయన ముసాయిదాల నిండా ఆ పదమే ఉండేదట, వేరే వేరే బట్టలు తొడుక్కుని.

పోయాడని తెలిసిన మర్నాడు పొద్దున, పాలామె మా గేటు దగ్గర క్యాన్ దించింది. నేనే గిన్నె పట్టుకుని వెళ్లాను.

"అమ్మా, పోయిన ఏడు ఊరేగింపుకు ముంగట, నిన్ను బారికేడ్ కాడ ఆపిండ్రు గద. యాదికున్నదా?"

"ఎందుకు లేదు సారూ! గంట సేపు కాళ్లు మొక్కిన, పోనియ్యలే. ఏడ్సుకుంట ఇంటికి వోయిన. మా పని అయిపోయింది అనుకున్న. గంతల వాయిదా పడ్డదన్నరు. ఆ దేవుడే ఆపిండు."

ఈ మాటతో జీవితమంతా పోట్లాడినవాణ్ని. మనిషి చేసిన పనిని దేవుడి ఖాతాలో వేయడం మనిషిని దోచుకోవడమేనని ఎన్ని వ్యాసాలు రాశానో. ఆ పొద్దున మాత్రం నాకు వాదం రాలేదు.

"దేవుడు గాదమ్మా. ఒక మనిషి," అన్నాను.

"ఎవరు?"

పేరు చెప్పాను. ఎక్కడుండేవాడో చెప్పాను. హాల్లో లేచి నిలబడి ఏమన్నాడో చెప్పాను. నేనేమన్నానో కూడా చెప్పాను. ఆమె కొలత గిన్నె పట్టుకుని వింటూ ఉండిపోయింది.

"ఇప్పుడు ఇంట్లనే ఉంటడా ఆయన?"

"సోమవారం పోయిండు."

ఆమె గిన్నెలో పాలు పోసింది. క్యాన్ మూత పెట్టింది. మళ్లీ తీసింది, ఎందుకో.

"ఏంది సారూ, ఏడాదాయె," అంది. "రోజు గీడనే నిలవడి పాలు పోస్తున్న. ఒక్కనాడన్న జెప్పకపోతిరి? మా గల్లీల ఎవరన్న ఒకరం బోయి, జరసేపు ఆయన కాడ కూసుంటుంటిమి గద."